ఒకే పేరు, రెండు సరుకులు

మా తరగతిలో కంప్యూటర్ గేములు ఆడేవాళ్లు ఏ ఇద్దరు కలిసినా మొదట వచ్చే మాట "నీది ఏ కార్డురా?" జవాబు ఒక అంకె. 1650, 3050, 580. అంకె చెబితే చాలు, ఇంకేం అడగక్కర్లేదన్నట్టు మాట్లాడుకుంటాం. తక్కువ ధర గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఆ అంకెను నమ్మకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే కంపెనీలు ఒకే పేరు పెట్టి రెండు రకాల సరుకు అమ్ముతున్నాయి. "విమర్శ అంటే కథ మీదో కవిత మీదో రాస్తారు, నువ్వు అట్టపెట్టె మీది పేరు మీద రాస్తావా?" అని మా తెలుగు అయ్యవారు నవ్వారు. కవిత నచ్చకపోతే పేజీ తిప్పేస్తాం. ఈ పేరు చదివి మా ఇంట్లో ఇరవై వేలు ఖర్చు పెట్టాలి. అది మాకు రెండున్నర నెలల అద్దె.

గేములు ఆడని పెద్దవాళ్ల కోసం కొంచెం వివరం చెబుతాను. ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలు ఉంటాయి. బొమ్మ ఆగకుండా కదలాలంటే ఆ చుక్కలన్నింటికీ సెకనుకు 60 సార్లు రంగు లెక్క కట్టాలి. మామూలు ప్రాసెసర్‌లో ఉండేవి నాలుగో, ఆరో, ఎనిమిదో కోర్లు. అవి తెలివైనవే కానీ ఇంత పని ఒకేసారి చేయలేవు. గ్రాఫిక్స్ కార్డులో చిన్న చిన్న కోర్లు వందల్లో, వేలల్లో ఉంటాయి, అన్నీ ఒకేసారి పని చేస్తాయి. వాటికి కావలసిన బొమ్మల సరుకు పెట్టుకోవడానికి కార్డులోనే సొంత మెమరీ ఉంటుంది. మెమరీ నుంచి కోర్లకు సరుకు వెళ్లే దారికి ఒక వెడల్పు, ఒక వేగం ఉంటాయి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది మెమరీ ఎన్ని జీబీలన్న ఒక్క సంగతే. అది బిందె సైజు. దారి వెడల్పు, వేగం కలిస్తే కొళాయి ధార. వేసవిలో మెట్రో వాటర్ లారీ దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. గొట్టం సన్నదైతే ఎంత పెద్ద బిందె తెచ్చుకుని ఏం లాభం?

ఇప్పుడు అసలు విషయం. 2017 మే నెలలో ఎన్విడియా కంపెనీ జీటీ 1030 అనే చిన్న కార్డు తెచ్చింది. అందులో 2 జీబీ జీడీడీఆర్5 మెమరీ ఉంది, సెకనుకు 48 గిగాబైట్ల సరుకు పారుతుంది. 2018లో అదే జీటీ 1030 పేరుతో, అదే 2 జీబీతో ఇంకో కార్డు వచ్చింది. ఇందులో వేసింది డీడీఆర్4. పారేది సెకనుకు 16.8 గిగాబైట్లు. అంటే మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. బిందె మార్చలేదు కాబట్టి పెట్టె చూసినవాడికి తేడా తెలియదు. ఇలాంటి కార్డు ఎవరు కొంటారు? ఆఫీసు నుంచి వచ్చిన పాత కంప్యూటర్‌కు ఏదో ఒకటి తగిలించి పిల్లాడికి ఇద్దామనుకునేవాళ్లు. మోసపోయామని వాళ్లకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. గేము తడబడుతుంటే "చవక కార్డు కదా, ఇంతేలే" అని సరిపెట్టుకుంటారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

అంతకుముందు 2016లో జీటీఎక్స్ 1060 వచ్చింది. జులైలో వచ్చిన 6 జీబీ కార్డులో 1280 కోర్లు, ఆగస్టులో వచ్చిన 3 జీబీ కార్డులో 1152 కోర్లు. పేరు చదివినవాడు మెమరీ ఒక్కటే తక్కువనుకుంటాడు. కోర్లు కూడా కోసేశారని పేరులో ఎక్కడుంది? ఏఎండీ కంపెనీ కూడా తక్కువేం తినలేదు. ఆర్‌ఎక్స్ 580లో 2304 కోర్లు ఉంటే, 2018లో చైనా మార్కెట్ కోసం వచ్చిన "ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ"లో 2048 మాత్రమే ఉన్నాయి. అది దాని కింది కార్డు 570కి ఉండే లెక్క. తోక మీద నిజం రాసి ఉందని ఏఎండీ చెప్పుకోవచ్చు. కానీ నోటితో చెప్పేటప్పుడు తోక ఎవరు చెబుతారు? "580 అన్నా, 8 జీబీ" అంటారు, అంతే.

ఇక మా ఇంటికి దగ్గరైన కార్డు ఆర్‌టీఎక్స్ 3050. 2022 జనవరిలో వచ్చినప్పుడు 8 జీబీ, 2560 కోర్లు, 128 బిట్ల దారి. 2024 ఫిబ్రవరిలో అదే 3050 పేరుతో 6 జీబీ కార్డు వచ్చింది. కోర్లు 2304, దారి 96 బిట్లు. సెకనుకు 224 గిగాబైట్లు పారే చోట 168 పారుతుంది. బిందె చిన్నదైంది, కొళాయి సన్నబడింది, నీళ్లు తోడే చేతులు కూడా తగ్గాయి. పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

పేరు మార్చడం కంపెనీలకు చేతకాక కాదు. 2022 సెప్టెంబరులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 అని రెండు కార్డులు ప్రకటించింది. 16 జీబీ దానిలో 9728 కోర్లు, 12 జీబీ దానిలో 7680. ఇదేం పేరు పెట్టడమని ప్రపంచమంతా గొడవ చేసింది. అక్టోబరు 14న కంపెనీ తనంతట తానే 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుంది. కార్డు మంచిదే, పేరు సరిగ్గా లేదని ఒప్పుకుంది. తర్వాతి జనవరిలో దాన్నే 4070 టీఐ అని పేరు మార్చి, 899 డాలర్ల ధరను 799కి తగ్గించి అమ్మింది. అంటే ఎనిమిది వందలు, తొమ్మిది వందల డాలర్లు పెట్టేవాళ్లు అరిస్తే మూడు వారాల్లో పేరు మారింది. 1030 కొన్నవాడి కోసం ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోలేదు.

మా పెద్దమ్మ కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "కంపెనీ సైటులో అన్ని వివరాలూ ఉంటాయి, చూసుకోకపోతే కొన్నవాడిదే తప్పు" అంటాడు. నేను ఒప్పుకోను. పారాసిటమాల్ మాత్ర మీద 500 అనో 650 అనో పేరు పక్కనే రాస్తారు. ఎంత మందు ఉందో సైటులో వెతుక్కోమనరు. పైగా మాలాంటి ఇళ్లలో కొనేది నాయన, వాడేది పిల్లలు. పెట్టె మీద ఇంగ్లీషు, కొట్లో అరవం, ఇంట్లో తెలుగు. ఈ మూడు దాటి మా నాయన చెవికి చేరేది ఆ అంకె ఒక్కటే. అదే అబద్ధమాడితే ఇక ఆయన దేన్ని పట్టుకోవాలి?

అయితే ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. 3050 6 జీబీ చెడ్డ కార్డు కాదు, పేరే చెడ్డది. అది తినే కరెంటు 70 వాట్లు. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటే 75 వాట్లు ఇవ్వగలదు కాబట్టి, మామూలుగా దీనికి వేరే కరెంటు వైరు అక్కర్లేదు. పాత 8 జీబీ కార్డుకు 130 వాట్లు కావాలి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు లాగాలి. మా ఇంట్లో ఉన్నది పదో తరం ఐ5 ప్రాసెసర్‌తో అసెంబుల్ చేయించిన కంప్యూటర్. కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని స్టిక్కరైతే ఉంది. కార్డుకిచ్చే వైరు మాత్రం ఒక్కటీ లేదు. అలాంటి దాన్ని నమ్మి పెద్ద కార్డు పెట్టకూడదు. కార్డు చూడబోయే ముందు కేబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ చూడాలి. చాలామంది చివర్లో చూస్తారు.

ఈ కంప్యూటర్ నా ఒక్కడిది కూడా కాదు. మా అక్క కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ చదువుతోంది, రాత్రిపూట బ్లెండర్‌లో బొమ్మలు చేసుకుంటుంది. నేను ఆడేది వాలరెంట్. నిజం చెప్పాలంటే దానికి పెద్ద కార్డేమీ అక్కర్లేదు. జీటీఏ 5 కూడా పాత గేమే. కాబట్టి ఇరవై వేలు పెట్టడానికి నా ఆటలు కారణమని చెబితే మా అమ్మ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అక్క పనీ నా ఆటా రెండూ జరగాలి.

క్వార్టర్లీ సెలవుల్లో నేను, అక్క, నాయన రిచీ స్ట్రీట్‌కు వెళ్లాం. వాషర్మెన్‌పేటలో మెట్రో ఎక్కితే గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగి నడవొచ్చు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో చెన్నైకి రిచీ స్ట్రీట్ అలాగ. మౌంట్ రోడ్డు పక్కన రిచీ వీధి, నరసింగపురం వీధి, వాటి సందులు, అంతా వైర్లూ బోర్డులే. ఒక సౌకర్యం ఏంటంటే "అన్నా" అనే పిలుపు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే, కాబట్టి బేరం మొదలుపెట్టడం కష్టం కాదు.

మొదటి కొట్లో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపించారు. పేరు 6500, చివర ఎక్స్‌టీ, వినడానికి గొప్పగా ఉంది. కానీ 2022లో వచ్చిన ఈ కార్డుకు 4 జీబీ మెమరీ, 64 బిట్ల దారి. అది చాలదన్నట్టు మదర్‌బోర్డుతో మాట్లాడుకోవడానికి నాలుగే లేన్లు. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న బోర్డులో అవి సరిపెట్టుకుంటాయి. మాది మూడో తరం బోర్డు, అందులో ఆ వేగం సగమైపోతుంది. 4 జీబీ నిండి కంప్యూటర్ ర్యామ్ నుంచి సరుకు తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు అసలు బాధ మొదలవుతుంది. ఆడే ఆటను రికార్డు చేయడానికి పనికొచ్చే వీడియో ఎన్‌కోడర్ కూడా ఇందులో లేదు. అంటే ఈ కార్డు కొత్త కంప్యూటర్లో బాగుంటుంది. కానీ చవక కార్డు వెతికేది పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు కదా!

గేములకు మాత్రమే అయితే ఆ ధరల్లో నాకు నచ్చింది ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, 128 బిట్లు, ఎనిమిది లేన్లు. మూడో తరం బోర్డులోనూ పెద్దగా నష్టపోదు. 132 వాట్లు తింటుంది కాబట్టి మాకైతే కొత్త ఎస్‌ఎంపీఎస్ కావాలి. రెండూ కలిపితే ఇరవై వేలు దాటింది. ఇంటెల్ వాళ్ల ఆర్క్ బీ580, 2024 డిసెంబరులో 12 జీబీతో వచ్చింది. మెమరీ విషయంలో అందరికంటే పెద్ద మనసు వాళ్లదే. కానీ పాత ప్రాసెసర్లతో దాని జోరు తగ్గుతుందని 2025 మొదట్లో పరీక్షించినవాళ్లు చూపించారు. దానికీ ఎస్‌ఎంపీఎస్ గొడవ తప్పదు, ధర కూడా మాకు అందదు.

సెకండ్‌హ్యాండ్ సంగతి కూడా నాయన అడిగారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మార్చుకున్నాక, దాని మైనింగ్‌కు వాడిన కార్డులు బోలెడు పాత మార్కెట్లోకి వచ్చాయి. అవన్నీ చెడిపోయినవని అనను. కానీ అక్కడ పేరుకు ఇంకా విలువ లేదు. పాత కార్డులో బయోస్ మార్చి 1050 టీఐ అని చూపించే దొంగ సరుకు కూడా ఉంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం 2018 నుంచి అలాంటి చాలా కార్డులను కనిపెట్టి "ఫేక్" అని చెబుతుంది. అమ్మేవాడి ముందే అది తెరిచి కోర్లు, బిట్లు చూసుకోనిస్తేనే కొనాలి. చూడనివ్వకపోతే వచ్చేయాలి.

చివరికి ఏమైందంటే, నేను ఇంతసేపు తిట్టిన పేరుతో ఉన్న కార్డునే కొన్నాం. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు. బ్లెండర్‌లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులకు ఆప్టిక్స్ అనే దారి ఉంది, వెలుగు కిరణాలను లెక్కకట్టే ప్రత్యేక భాగాన్ని అది వాడుకుంటుంది. అక్కకు అది కావాలి. మా క్లాసువాళ్లు ఇంకా వెతుకుతున్న జీటీఎక్స్ 1650లో ఆ భాగం లేదు. అందుకే 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ లాంటి గేము దానికి సరిపడదు. 8 జీబీ 3050 అనుకుని ఇదే కార్డు కొని ఉంటే ఏడ్చేవాళ్లం. ఏం తగ్గిందో తెలిసి, తగ్గిన ధరకే కొన్నాం కాబట్టి బాధ లేదు.

ఒక్క చిక్కు బిల్లు దగ్గర వచ్చింది. కొట్టువాళ్లు మొదట "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నారు. 18 శాతం జీఎస్‌టీ మాట అది. మా నాయన ఆండర్సన్ వీధిలో కాగితాల కొట్లో లెక్కలు రాస్తారు, బిల్లు లేకుండా ఆయన పెన్సిలు కూడా కొనరు. బిల్లు వచ్చింది. అందులో "ఆర్‌టీఎక్స్ 3050 – 1" అని మాత్రమే ఉంది. నాయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "మా వాడు ఇది రెండు రకాలంటున్నాడు, ఇది ఏ రకమో రాయండి" అన్నారు అరవంలో. కంప్యూటర్లో అంతకంటే రాదన్నారు వాళ్లు. "అయితే చేత్తో రాయండి" అన్నారు. రాశారు. 6 జీబీ, 96 బిట్లు, సీరియల్ నంబరు, పక్కన కొట్టు ముద్ర.