కిష్టయ్య మూగతనం

2024 ఫిబ్రవరి 2న సాధు మెహర్ పోయాడు. ఆ ఏడే డిసెంబరు 23న శ్యామ్ బెనెగల్ పోయాడు. బెనెగల్‌ను గురించి మా అధ్యాపకుల గదిలో రెండు రోజులు చర్చ జరిగింది. మెహర్ పేరు ఎత్తినవారు లేరు. ఎత్తనివారిలో నేనూ ఒకణ్ణి.

1974లో వచ్చిన 'అంకుర్'లో కిష్టయ్యగా నటించినవాడు ఈ ఒరియా నటుడే. కిష్టయ్య తెలంగాణ కుమ్మరి. మూగ, చెవుడు. అల్యూమినియం గిన్నెలు వచ్చి కుండలు కొనేవాళ్లు లేక పని పోగొట్టుకున్నవాడు. కల్లు దొంగిలించాడని గుండు గీయించి గాడిదమీద ఊరేగిస్తే, ఆ అవమానంతో ఊరు విడిచిపోతాడు. అతని భార్య లక్ష్మిని భూస్వామి కొడుకు సూర్య లోబరుచుకుంటాడు. ఈ పాత్రలకు మెహర్‌కూ, షబానా ఆజ్మీకీ జాతీయ బహుమతులు వచ్చాయి.

ఈ చిత్రంమీద నాకు చాలాకాలం ఒక అభ్యంతరం వుండేది. 1946 నుంచి 1951 వరకు ఆయుధం పట్టి పోరాడిన నేల ఇది. గొంతెత్తి పాడిన ప్రజలకు ప్రతినిధిగా ఒక మూగవాణ్ణి నిలబెట్టడమేమిటి? హైదరాబాదులో పుట్టి పెరిగిన బెనెగల్‌కు ఆ చరిత్ర తెలియదనుకోలేం. విద్యార్థులకు ఇలాగే పాఠం చెప్పాను కూడా.

బెనెగల్ పోయిన తర్వాత చిత్రాన్ని మళ్లీ చూసి, అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. తిరిగివచ్చిన కిష్టయ్య, భార్య గర్భవతి అని తెలిసి పొంగిపోతాడు. ఆ బిడ్డ దొరబిడ్డ. కర్ర చేతబట్టుకుని సూర్య దగ్గరికి బయలుదేరతాడు, పని అడగడానికి. ఆ నడకను శ్రద్ధగా చూడండి. తండ్రి కాబోతున్నవాడి ఉత్సాహమంతా మెహర్ కాళ్లలో వుంది. సూర్యకు మాత్రం ఆ కర్ర తనమీదికే వస్తున్నట్టు తోస్తుంది. మనుషులచేత పట్టించి గొడ్డును బాదినట్టు బాదుతాడు. కిష్టయ్య నోరు తెరిచి 'పని కావాలి' అనగలిగితే ఈ సన్నివేశం లేదు. అతడు పలకని మాటను దొర తన నేరంతో పూరించుకున్నాడు. నేను రైతు అశక్తత అనుకున్నది దొర భయానికి కొలత అయింది.

చివర పిల్లవాడు విసిరే రాయిని అందరూ మెచ్చుకుంటారు. ఆ రాయిలో దర్శకుడి చెయ్యి కాస్త ఎక్కువగా కనిపిస్తుందని నా అనుమానం. ఆ నడకలో అది కనిపించదు.

మరొక బాధ మిగిలేవుంది. మన కిష్టయ్యగా ఒక ఒరియా నటుడు నడిచాడు. 1977లో 'ఒక ఊరి కథ'ను మృణాల్ సేన్, 1979లో 'మా భూమి'ని గౌతమ్ ఘోష్, ఇద్దరు బెంగాలీలు, తీశారు. మన కుమ్మరి ఎలా నడుస్తాడో మన నటులకు తెలియదా? తెలుసు. నడిచి చూపించమని అడిగినవారే అరుదు, 'మా భూమి' నిర్మించిన బి. నరసింగరావు వంటి ఏ ఒకరిద్దరో తప్ప.