మిరప కోసిన చెయ్యి

డిసెంబరు వచ్చిందంటే మా పెనుగొలనులో ఇళ్ల ముందు వెదురు గడలు లేస్తాయి. గడ చివర కాగితపు నక్షత్రం, దాని కడుపులో చిన్న బల్బు. పగలంతా పొలంలో ఉన్నవాళ్లు రాత్రికి క్యారల్స్‌కు తయారవుతారు. సెమీ క్రిస్మస్ నాడు సండే స్కూలు పిల్లల నాటిక, స్త్రీల సమాజం పాటలు, అయ్యగారి వర్తమానం. వీటి మధ్య ఓ పది నిమిషాలు నాకిస్తారు. ఆ ఏటికి రాసుకున్న కథ చదువుతాను.

కొన్నేళ్ల కిందట చదివిన కథ ఇది. కూలి చేసుకునే ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు. వాడికి జ్వరం. ఊళ్లో వైద్యం చేసేవాడు చేతులెత్తేశాడు. తల్లి రాత్రంతా మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేసింది. కోడి కూసే వేళకు పిల్లవాడికి చెమట పట్టి జ్వరం దిగింది. కళ్లు తెరిచి గంజి అడిగాడు. చదవడం అయిపోగానే అందరూ ‘ఆమేన్’ అన్నారు. నాకు చాలా సంతోషమేసింది.

భోజనాల దగ్గర మా వీధి పెద్దమ్మ ఒకావిడ విస్తరి పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఏళ్ల తరబడి మిరప కోతలకు వెళ్లిన మనిషి.

‘‘కథ బాగుంది నాయనా. మేమూ ఆ రాత్రంతా మోకాళ్ల మీదే ఉన్నాం. తెల్లారేసరికి మా పిల్లోడు లేడు. మరి నీ కథలో మేం ఎక్కడున్నాం?’’

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. విశ్వాసాన్ని నిలబెట్టాలనే కథలు రాశాను ఇన్నాళ్లూ. విశ్వాసం అందరికంటే ఎక్కువ అవసరమైన మనిషిని నా కథ గుమ్మం బయటే ఉంచేసింది. ఇవాళ రాస్తున్న ఈ మాటలన్నీ ఆ ప్రశ్న వెంట నడుస్తూ నేర్చుకున్నవే.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడం అనే మంచి అలవాటు ఉంది. ఉపవాస ప్రార్థనలోనో ఇంటి కూటంలోనో ఒకరు లేచి, తమకు వచ్చిన కష్టం, చేసిన ప్రార్థన, దొరికిన మేలు చెబుతారు. వినేవాళ్లకు ధైర్యం వస్తుంది. నేను చాలాకాలం కథంటే పేర్లు మార్చి రాసిన సాక్ష్యమే అనుకున్నాను. తేడా ఎక్కడుందో మా కట్టలేరును చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో ఆ వాగు పొంగితే మా గంపలగూడెం మండలంలో దారులు తెగిపోతాయి. సాక్ష్యం ఏరు దాటి ఒడ్డెక్కినవాడి మాట. తడిబట్టలు పిండుకుంటూ చెబుతాడు. కథలో మనిషి ఇంకా ఏటి నడుమే ఉంటాడు. నీళ్లు మొలలోతు దాటాయి, అవతలి ఒడ్డు కనబడటం లేదు. రాసేవాడు వాడితోపాటు నీళ్లలో దిగాలి. నేను ఒడ్డున నిలబడి, దాటినవాళ్లనే లెక్కపెట్టాను.

విశ్వాసుల్లో కొందరికి కథ మీదే అనుమానం ఉంది. ‘జరగనిది జరిగినట్టు రాయడం అబద్ధం కాదా?’ అని ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు. సభలప్పుడు పరిచే పుస్తకాల బల్ల చూసినా ఆ అనుమానం కనబడుతుంది. పాటల పుస్తకాలు, ప్రసంగాలు, భక్తుల జీవిత చరిత్రలు వరసగా ఉంటాయి. కథల పుస్తకం మాత్రం వెతుక్కోవాలి. ఆ పెద్దాయనకు నేను లూకా సువార్తే చూపించాను. పదో అధ్యాయంలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న బాటసారికి పేరు లేదు. పదిహేనో అధ్యాయంలో ఇద్దరు కొడుకుల తండ్రికీ పేరు లేదు. ‘నా పొరుగువాడెవడు?’ అన్న ప్రశ్నకు యేసు నిర్వచనం చెప్పలేదు, కథ చెప్పాడు. ఆ కథ ఎవరికి జరిగిందని శిష్యులు ఆరా తీయలేదు.

ఇద్దరు కొడుకుల కథను చిన్నప్పటి నుంచి వింటున్నాను. పెద్దమ్మ ప్రశ్న తర్వాత చదివితే దాని ముగింపు కొత్తగా కనబడింది. చిన్నవాడు తిరిగొచ్చాడు, లోపల విందు జరుగుతోంది. పెద్దవాడు కోపంతో బయట నిలబడ్డాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. కథ అక్కడే ఆగిపోయింది. పెద్దవాడు లోపలికి వెళ్లాడా? యేసు చెప్పలేదు. లోకంలో ఇంతమంది చెప్పుకున్న కథకు చివరి వాక్యం వినేవాడి గుండెలోనే పూర్తవ్వాలి. నేనైతే పెద్దవాణ్ణి లోపలికి నడిపించి, తమ్ముణ్ణి కావలించుకోనిచ్చి, ఆమేన్ అనిపించేవాణ్ణి.

క్రైస్తవ కల్పన అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ‘యాత్రికుని ప్రయాణం’. రాసిన జాన్ బన్యన్ పెద్ద చదువులు చదివినవాడు కాదు. గిన్నెలకు మాట్లు వేసే వృత్తి ఆయనది. సర్కారు ఒప్పుకోని బోధ చేశాడని 1660లో పట్టుకుని, 12 ఏళ్లు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ జైల్లో ఉంచారు. పుస్తకం 1678లో అచ్చయింది. అందులో క్రైస్తవుడూ అతని తోటి యాత్రికుడూ దారి తప్పి సందేహపు కోటలో చిక్కుకుంటారు. నిరాశ అనే రాక్షసుడు వాళ్లను చీకటి కొట్లో వేసి చావగొడతాడు. బుధవారం పొద్దుట నుంచి శనివారం రాత్రి దాకా అన్నం లేదు, వెలుతురు లేదు. చచ్చిపోదామన్న మాట కూడా వాళ్ల మధ్య వస్తుంది. అప్పుడు ప్రార్థన మొదలుపెడతారు. తెల్లవారబోతుండగా తన రొమ్ములో దాచుకున్న తాళంచెవి గుర్తొస్తుంది క్రైస్తవుడికి. ఆ తాళంచెవి పేరు వాగ్దానం.

మా దగ్గర డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో ఒక్కొక్కరూ ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, గోడకు అంటించుకుంటారు. బన్యన్ ఆ తాళంచెవిని బుధవారం పొద్దుటే అందించి ఉండొచ్చు. అందించలేదు. జైలు తలుపులు ఎంత గట్టివో తెలిసినవాడు కనుక, నాలుగు రోజులూ పాఠకుణ్ణి ఆ కొట్లోనే ఉంచాడు. అందుకే తాళం తెరుచుకుంటే మనకు ఊపిరి ఆడుతుంది. నా కథలో జ్వరం వచ్చింది ఒక పేరాలో, దిగింది మరో పేరాలో. మధ్యనున్న రాత్రి ఒక్క వాక్యం.

తాళమే తెరుచుకోని ఇల్లుంటే? పెద్దమ్మ అడిగింది ఆ ఇంటి గురించి. దానికి దగ్గరగా వచ్చిన కథ నాకు టాల్‌స్టాయ్ దగ్గర దొరికింది. ‘ప్రేమ ఉన్నచోటే దేవుడుంటాడు’ అనే అర్థమొచ్చే పేరుతో 1885లో రాశాడు. మార్టిన్ అనే చెప్పులు కుట్టేవాడు నేలమాళిగ గదిలో బతుకుతుంటాడు. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ల కాళ్లే కనబడతాయి. జోళ్లను బట్టి మనుషుల్ని గుర్తుపడతాడు. భార్య పోయింది, పిల్లలు పోయారు, చేతికందొచ్చిన ఆఖరి కొడుకూ జ్వరంతో పోయాడు. దేవుడి మీద కోపమొచ్చి గుడికి వెళ్లడం మానేశాడు. తర్వాత ఒక రాత్రి, రేపు వస్తానని ప్రభువు పిలిచినట్టు వినబడుతుంది. మర్నాడంతా కిటికీకి కళ్లప్పగించి కూర్చుంటాడు. మంచు ఎత్తే ముసలాయన వస్తాడు, టీ ఇస్తాడు. చలికి బిడ్డను పొదువుకున్న తల్లి వస్తుంది, తిండీ బట్టా ఇస్తాడు. ఆపిల్ పండ్లమ్మే ముసలమ్మకూ దొంగిలించబోయిన పిల్లాడికీ రాజీ కుదురుస్తాడు. వచ్చినవాళ్లందరిలోనూ వచ్చింది తానేనని ప్రభువు రాత్రికి తెలియజేస్తాడు.

మార్టిన్ కొడుకును టాల్‌స్టాయ్ తిరిగి తీసుకురాలేదు. ఎందుకు పోయాడో కారణం కూడా చెప్పలేదు. అయినా ఆ కథ చదివినవాడికి చలి తగ్గుతుంది. కొడుకు పోయినవాడి ఇంటికే ప్రభువు వచ్చాడన్నది ఆ కథలోని సువార్త. చెప్పులు కుట్టేవాడి గూట్లోకి దేవుడు నడిచొచ్చిన ఆ కథ మా పల్లెల్లో చదివితే, ఇది మన ఇంటి కథేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

బైబిలు కూడా ఈ విషయంలో మనకంటే ధైర్యంగా ఉంటుంది. యోబు గ్రంథం 42 అధ్యాయాలు. తన పిల్లలు ఎందుకు పోయారో యోబుకు చివరిదాకా తెలియదు. కారణాలు చెప్పబోయిన స్నేహితుల మీదే దేవుడికి కోపమొస్తుంది. 88వ కీర్తన మొరతో మొదలై చీకటిలో ముగుస్తుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ అతికించకుండా దాన్ని కీర్తనల మధ్యే ఉంచారు మన పెద్దలు. మొర కూడా ప్రార్థనేనని వాళ్లకు తెలుసు.

తెలుగులో ఆ సంగతి జాషువాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన కవి. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దానికి రెండు దశాబ్దాల ముందే 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడి చూరుకు వేలాడే గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. జవాబు వచ్చేదాకా కావ్యం ఆగలేదు, మొర వినిపించడమే దాని పని. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల కూడా కథలు రాసే విశ్వాసులు తప్పక చదవాలి. మాలమాదిగ పల్లెలకు క్రైస్తవం వచ్చినప్పుడు ఆకలి, వెలి, ఆశ ఎలా కలిసి ఉన్నాయో అందులో ఉంది. మన తాతల నమ్మకం ఏ నేల మీద మొలిచిందో తెలియకుండా మనం దాని గురించి రాస్తే, కాగితపు పువ్వులే పూయిస్తాం.

నేల అన్నాను కనుక ఇంకో మాట. కందుకూరి వీరేశలింగం 1878లో ‘రాజశేఖర చరిత్ర’ మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్నది గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన నవల. అది ఒక పాదిరి ఇంటి కథ. ఆస్తి పోయి, ఇల్లు కాలి, అప్పుకింద జైలుకెళ్లిన పాదిరి కథ. పంతులుగారు దాన్నుంచి ప్రేరణ తీసుకున్నారు కానీ ఇంటిని మాత్రం ధవళేశ్వరంలో కట్టారు. మనలో కథలు రాసేవాళ్లు చాలామంది ఇంటిని ఎక్కడా కట్టరు. ‘ఒక గ్రామంలో ఒక విశ్వాసి ఉండేవాడు’ అని మొదలుపెడతాం. ఆ గ్రామంలో ఏం పండుతుందో, నీళ్లెక్కడి నుంచి వస్తాయో, ఆ విశ్వాసికి ఎంత బాకీ ఉందో రాయం. దేవుడు ఒక ఊళ్లో, పశువుల పాకలో పుట్టాడని నమ్మేవాళ్లం మనం. మన కథలకే ఊరు లేకపోతే ఎలా?

1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాను ఊళ్లలో తెర కట్టి వేసినప్పుడు నేలమీద కూర్చుని చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆఖరికి ఏమవుతుందో వాళ్లందరికీ ముందే తెలుసు. మూడో రోజున యేసు లేస్తాడని తెలిసీ, సిలువ మోస్తుంటే ఏడ్చారు. ముగింపు తెలిసినా శుక్రవారాన్ని దాటేయకూడదని ఆ జనానికి తెలుసు. నేనే నా కథల్లో శుక్రవారం లేకుండా ఆదివారానికి పరిగెత్తాను.

ఆ పాత కథను మళ్లీ రాశాను. మూడు నెలలు పట్టింది. ఈసారి అది మిరప కోతలప్పుడు జరుగుతుంది. పిల్లవాడు బతకడు. తల్లి గుడికి రావడం మానేస్తుంది. ఎవరూ వెళ్లి వాక్యం చెప్పరు. కూలికి మాత్రం వెళ్లక తప్పదు కదా. చేలో ఆమె సాలు వెనకబడిపోతుంటుంది. చేతులు ఆడవు. అటు సాలు ఆమె, ఇటు సాలు ఆమె తమ కాయలు కోసుకుంటూనే మధ్యలో వంగి ఈమె చెట్లకున్నవీ కోసి ఈమె గోతంలో పోస్తారు. సాయంత్రానికి ముగ్గురి సాళ్లూ ఒక్కసారే గట్టు చేరతాయి. అక్కడితో కథ ఆపేశాను. ఆమె మళ్లీ గుడికి వెళ్లిందా అన్నది రాయలేదు.

దాన్ని సభలో చదవకముందే పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. శ్రమ దినాలవి. సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివాను. ఆవిడ గోడకు ఆనుకుని విన్నది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. నేను కాగితాలు మడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

‘‘ఒకచోట తప్పు రాశావు నాయనా. చేలోంచి వచ్చీరాగానే తల్లి పిల్లోడి నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసిందన్నావు. మిరపకాయ కోసిన చేత్తో బిడ్డ మొహం ముట్టుకోం. ఎన్ని కడుగుళ్లు కడిగినా మంట పోదు. ఇదిగో, ఇట్టా మోచెయ్యి ఆనించి చూస్తాం.’’

చూపించింది. మోచేతిని మెల్లగా ముందుకు చాచి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు గాలిలో ఆనించి, క్షణంసేపు అలాగే ఉంచింది.

ఆ వాక్యం అక్కడే, ఆవిడ ముందే దిద్దాను.