చిరిగిన ఆహార్యం, పలకని వాచికం: మెక్వీన్ ‘హైలాండ్ రేప్’ ప్రదర్శన - పరిశీలన

వ్యాససంగ్రహం:
వస్త్రరూపకర్త అలెగ్జాండర్ మెక్వీన్ 1995లో లండన్‌లో ఇచ్చిన ‘హైలాండ్ రేప్’ ప్రదర్శన, స్త్రీలపై హింసను అలంకారంగా మార్చిందన్న ఆరోపణను ఎదుర్కొంది. రూపకర్త దానిని చరిత్ర కథనంగా సమర్థించుకున్నాడు. ఈ రెండు పఠనాల మధ్య వైరుధ్యాన్ని నాట్యశాస్త్ర పరిభాషతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార్యం, వాచికం, ఆలంబన విభావం, బీభత్సం, ఫ్యాషన్ ప్రదర్శన, స్కాట్లండ్ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

భరతుడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయాలలో వేషభూషలు ఆహార్యానికి చెందుతాయి. నాటకంలో ఆహార్యం పాత్రను ఆశ్రయించి ఉంటుంది. ఫ్యాషన్ ప్రదర్శనలో ఈ సంబంధం తలకిందులవుతుంది. అక్కడ వస్త్రమే ప్రధానం. దానిని ధరించి నడిచే మోడల్‌కు సాధారణంగా కథ గాని, సంభాషణ గాని ఉండవు. అందుచేత ప్రదర్శన శీర్షికే వాచికం స్థానాన్ని ఆక్రమిస్తుంది. 1995 నాటి వివాదానికి మూలం ఈ నిర్మాణంలోనే ఉంది.

2. ప్రదర్శన స్వరూపం

మెక్వీన్ (1969-2010) లండన్‌లో పుట్టి, దర్జీపనికి పేరుపడిన సావిల్ రో వీధిలో చిన్న వయసులోనే పని నేర్చి, సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాలలో చదివాడు. ఇంకా ఎదుగుతున్న దశలో, 1995 మార్చిలో, లండన్ ఫ్యాషన్ వీక్‌లో ఈ ప్రదర్శన ఇచ్చాడు. ర్యాంప్ మీద స్కాట్లండ్ కొండల్లో పెరిగే హెదర్, బ్రాకెన్ మొక్కలు పరిచారు. మోడళ్లు చిరిగిన లేసు దుస్తులతో, కొందరు వక్షం బయటపడిన స్థితిలో, తూలుతూ నడిచారు. ఆ చిరుగుల సరసనే మెక్వీన్ వంశపు టార్టన్ గళ్ల బట్టతో కచ్చితమైన కొలతకు కుట్టిన దుస్తులు కనిపించాయి.

ఈ గళ్ల బట్టకు ఒక చరిత్ర ఉంది. 1745లో మొదలైన జాకొబైట్ తిరుగుబాటు 1746లో కల్లోడెన్ యుద్ధంతో అణగిపోయాక, హైలాండ్ పురుషుల సంప్రదాయ దుస్తులను బ్రిటిష్ చట్టం నిషేధించింది. 1782లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. అంటే టార్టన్‌లోని రాజకీయార్థం రూపకర్త కొత్తగా ఆపాదించినది కాదు.

3. ఆలంబనం ఎవరు?

ప్రదర్శనలో స్త్రీద్వేషం ఉందని పలువురు విమర్శకులు ఆరోపించారు. శీర్షికలోని అత్యాచారం స్కాట్లండ్‌పై ఇంగ్లండ్ చేసినదని మెక్వీన్ బదులిచ్చాడు. తండ్రి వైపు పూర్వికులు స్కాట్లండ్ వారు కావడం ఆ బదులుకు బలాన్నిచ్చింది. కాని ప్రేక్షకుని ముందున్న ఆలంబన విభావం స్త్రీ దేహమే; భూమి కేవలం వ్యాఖ్యానం ద్వారా స్ఫురిస్తుంది. భూమిని స్త్రీగా భావించే రూపకం పాతదే. అందులో స్త్రీ దేహం మరొకరి నష్టానికి గుర్తుగా మిగిలి, ఆమె బాధ ఆమెది కాకుండా పోతుంది.

చరిత్ర దృష్ట్యా కూడా ఈ రూపకం నిలవదు. 18, 19 శతాబ్దాలలో గొర్రెల పెంపకం కోసం హైలాండ్ పల్లెలను ఖాళీ చేయించిన భూస్వాములలో స్థానిక వంశనాయకులూ ఉన్నారు. పీడకుణ్ణి బయటివాడిగా మాత్రమే చూపితే ఈ లోపలి ద్రోహానికి చోటుండదు.

అలాగని ఆరోపణను యథాతథంగా అంగీకరించడానికీ వీలులేదు. హింసను ఆకర్షణీయం చేసే వయ్యారం ఆ తూలే నడకలో లేదు. అక్కడ కలిగేది జుగుప్స. బీభత్సం సిద్ధించింది గాని కరుణం సిద్ధించలేదు. ఎవరి కోసం శోకించాలో తేలనిచోట కరుణ నిలవదు.

4. ముగింపు

2006లో పారిస్‌లో ఇచ్చిన ‘ద విడోస్ ఆఫ్ కల్లోడెన్’ ప్రదర్శనలో మెక్వీన్ అదే చరిత్రకు, అదే టార్టన్‌కు తిరిగి వచ్చాడు. ఈసారి శీర్షికలోనే వితంతువులు ఉన్నారు. స్త్రీ భూమికి ప్రతీకగా కాక, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న మనిషిగా నిలిచింది. ఆలంబనం స్పష్టమైనందున శోకానికి దారి ఏర్పడింది. ఈ రెండు ప్రదర్శనలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు తేలేది ఒకటే: కర్త ఉద్దేశం విమర్శకు ఒక ఆధారం కాగలదు గాని, తీర్పు కాలేదు. 1995లో స్త్రీ దేహాన్ని చూసి కలవరపడిన విమర్శకులు చరిత్ర తెలియక పొరబడినవారు కారు. వేదిక మీద ఉన్నదానినే వారు చదివారు.