గురి కుదుర్చు విద్య

క్రొత్త రైఫిలు కర్మాగారమునుండియే గురి నేర్చి వచ్చునని తలఁచువారు, దానిని తొలిసారి షూటింగు రేంజికిఁ గొనిపోయిన దినమున, దాని గురి కుదుర్చు నిపుణుని పని నొకింత నిలిచి చూడవలెను. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో లక్ష్యకేంద్రమందలి పది పాయింట్ల చుక్క వ్యాసము 0.5 మిల్లీమీటరు మాత్రమే. దానిపైకి వెడలు సీసపు గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు. కావుననే యాతఁడు మొదట రైఫిలును కదలకుండ బిగించి, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల గుండ్లను వేర్వేరుగాఁ గాల్చి, ఏ రకపు గుండ్లు ఒకే రంధ్రమునఁ జొచ్చునో వానినే యేరుకొనును. పిదప కాల్చువాని భుజమునకును చెంపకును అనువుగా రైఫిలు మడమను సవరించును.

ఒక్క గుండు తప్పినంతనే మర త్రిప్పుట అవివేకము. కొన్ని గుండ్లు కాల్చి, అవి గుమిగూడిన తావు నరసి, ఎడమకుఁ దొలఁగినచో వెనుక సైటును కుడికి జరుపుటయే శాస్త్రము. యాదృచ్ఛికమైన దోషమును స్థిరమైన దోషమునుండి వేఱుచేయఁగల యీ వివేకమే యాతని విద్యకు సారము.

2012 లండన్ ఒలింపిక్సునందు ఈ పోటీలోనే హైదరాబాదునఁ బెరిగిన గగన్ నారంగ్ కాంస్యపతకము గడించెను. అట్టి విజయములకుఁ గరతాళధ్వనులు క్రీడాకారునకే చెందుట న్యాయమే; అయినను, అర మిల్లీమీటరును సైతము గౌరవింప నెఱిఁగిన యీ పనివారిని స్మరింపని ప్రశంస అసంపూర్ణము.