అమృతం, మోహిని, రాహువు: టెలోమరేజ్ వివరణలో ఉపమాన ఔచిత్యం

ఉపోద్ఘాతం:
కణవిభజన జరిగిన కొద్దీ క్రోమోజోముల కొనల్లోని టెలోమియర్లు పొట్టివవుతాయి. ఆ నష్టాన్ని పూరించే ఎంజైమ్ టెలోమరేజ్. ఈ ఆవిష్కరణలకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కెరొల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లు 2009లో నోబెల్ బహుమతి పొందారు. జనరంజక విజ్ఞాన రచనల్లో దీనికి ‘అమరత్వపు ఎంజైమ్’ అన్న పేరు కూడా ఉంది. తెలుగులో చెప్పబూనిన వారికి వెంటనే స్ఫురించే ఉపమానం అమృతం. అది ఎంతవరకు ఉచితమో మానవ తెల్ల రక్తకణాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. మోహిని లేని అమృతం:
పోతన భాగవతం అష్టమ స్కంధంలోని క్షీరసాగర మథన కథలో అమృతం పుట్టడంతో కథ ముగియదు. దాన్ని ఎవరికి పంచాలన్నదే అసలు ఘట్టం. టెలోమరేజ్ విషయమూ అంతే. విశ్రాంతిలో ఉన్న టి-కణంలో దీని చర్య చాలా తక్కువ. కణం ప్రతిజనకాన్ని గుర్తించి ఉత్తేజితమైనప్పుడు ఆ చర్య పెరుగుతుంది, తరువాత తగ్గుతుంది. ఇంటర్‌ల్యూకిన్-2, 7, 15 వంటి సైటోకైన్లు దాన్ని పెంచగలవు లేదా నిలపగలవు. ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అణచగలదు. అంటే ఎంజైమ్ ఉండటం కన్నా దాని వినియోగానికి అనుమతి లభించడం ముఖ్యం. ‘అమృతం’ అన్న ఒక్క మాట ఈ పంపకాన్ని మరుగుపరుస్తుంది.

2. రాహువు హెచ్చరిక:
దేవతల పంక్తిలో చేరి రాహువు కూడా అమృతం తాగాడు. మానవ క్యాన్సర్లలో సుమారు 85–90 శాతం టెలోమరేజ్‌ను చురుకుగా ఉంచుకుంటాయి. కథలోని ఈ భాగాన్ని వదిలేస్తే, టెలోమరేజ్ ఎంత పెరిగితే అంత మేలన్న భ్రమ పాఠకునికి కలుగుతుంది. యౌవనాన్ని అమ్మజూపే ప్రకటనలకు ఆ భ్రమే పెట్టుబడి.

3. క్రియారూపం:
‘టెలోమరేజ్ ఆయుష్షును పెంచుతుంది’ అన్న వాక్యంలోని తద్ధర్మరూపం దీన్ని నిత్యసత్యంగా ధ్వనింపజేస్తుంది. ‘సంకేతం అందితే టెలోమరేజ్ చర్య పెరుగుతుంది’ అన్న వాక్యంలోని చేదర్థకం నియమాన్ని నిలుపుతుంది. శాస్త్రరచనలో ఈ భేదం శైలికి మాత్రమే చెందినది కాదు, అర్థానికి చెందినది.

ముగింపు:
ఈ ఉపమానానికీ హద్దులున్నాయి. మోహినికి సంకల్పం ఉంది, సైటోకైన్లకు లేదు. పురాణంలో పంపకం ఒక్కసారే జరిగింది, దేహంలో అది పదేపదే జరుగుతుంది. పైగా లింఫోసైట్లలో టెలోమరేజ్ క్షయాన్ని మందగింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. అందువల్ల అమృతాన్ని ఉపమానంగా విడనాడనక్కరలేదు. మోహినినీ రాహువునూ కలిపి చెప్పినప్పుడే దానికి ఔచిత్యం సిద్ధిస్తుంది.