మొదటి కుర్చీ దాకా

పేరున్న ఫర్నిచర్ డిజైనర్ గురించి రాసేటప్పుడు పత్రికలు ఒక కుర్చీతో మొదలుపెడతాయి. నిజానికి ఆ కుర్చీ బయటికొచ్చేసరికే కథ సగం నడిచిపోయి ఉంటుంది. అంతకుముందు కొన్నేళ్లపాటు ఆ మనిషి వేరొకరి స్టూడియోలో, వేరొకరి పేరు మీద వెళ్లే బొమ్మలు గీసి ఉంటాడు. సంగీతంలో పాఠాంతరం ఎవరి దగ్గరని అడిగినట్టే ఈ రంగంలోనూ ఎవరి దగ్గర పనిచేశారని అడుగుతారు. చాలామంది విషయంలో ఆ జవాబు మిలన్ నగరానికి దారితీస్తుంది. 1961 నుంచి జరుగుతున్న అక్కడి ఫర్నిచర్ ప్రదర్శనకు ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో ప్రపంచం నలుమూలల నుంచీ డిజైనర్లు చేరుతుంటారు.

మిలన్ పెద్దల్లో అకిల్లే కాస్తిల్యోనిది ప్రత్యేక స్థానం. చదివింది ఆర్కిటెక్చర్. అన్న పియెర్ జాకొమోతో కలిసి 1962లో చేసిన ఆర్కో దీపాన్ని ఫ్లోస్ కంపెనీ ఇప్పటికీ తయారుచేస్తోంది. పైకప్పుకు కొక్కెం కొట్టే పని లేకుండా భోజనాల బల్ల నడిమికి వెలుగు తేవాలన్నది వారి ఆలోచన. పొడవాటి స్టీలు ఊచ వంగి బల్ల మీదికి వస్తుంది. అది ముందుకు తూలిపోకుండా రెండో కొసన పాలరాతి దిమ్మె కూర్చుని ఉంటుంది. దాని బరువు దాదాపు 65 కిలోలు. ఆ దిమ్మెకు ఒక బెజ్జం ఉంది. చూసినవారు అలంకారమనుకుంటారు. ఇల్లు ఊడ్చేటప్పుడు దీపాన్ని జరపాల్సి వస్తే అందులో చీపురుకర్ర దూర్చి, చెరో కొస పట్టుకుని ఇద్దరు ఎత్తుతారు. అందుకే పెట్టారా బెజ్జం. అటూ ఇటూ నడిచేవారి కాళ్లకు తగలకుండా దిమ్మె మూలలు కూడా చెక్కేశారు. ట్రాక్టర్ సీటుకు ఒంటి కాడ తగిలించి ఈ అన్నదమ్ములే 1957లో ఒక స్టూలు చేశారు. అది మార్కెట్లోకి వచ్చింది 1971లో. పద్నాలుగేళ్లు ఆగాల్సి వచ్చిందంటే వ్యాపారులకు అంతకాలం ధైర్యం చాలలేదన్నమాట.

కాస్తిల్యోని మిలన్ పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేటప్పుడు, ఎవరు చేశారో తెలియని మామూలు వస్తువులను సంచిలోంచి తీసి పిల్లల ముందు పెట్టేవాడు. ఆ క్లాసులో కూర్చున్న స్పెయిన్ అమ్మాయి పత్రీసియా ఉర్కియోలా. 1961లో ఒవియెదోలో పుట్టి, మాద్రిద్‌లో చదువు మొదలుపెట్టి మిలన్‌కు వచ్చింది. 1989లో కాస్తిల్యోని మార్గదర్శకత్వంలో పట్టా పుచ్చుకుని, తర్వాత ఆయనకే బోధనలో సహాయకురాలైంది. అక్కడి నుంచి దె పదోవా కంపెనీలో మరో పెద్దాయన వీకో మజిస్త్రెత్తితో పనిచేసింది. ఆపైన పియెరో లిస్సోని స్టూడియోలో చేరింది. సొంత బోర్డు కట్టుకున్నది 2001లో, నలభయ్యో ఏట. ఆ వయసుకు మన దగ్గర ఇంజనీర్లు మేనేజర్లయిపోయి ఉంటారు. మొరోజో కంపెనీకి చేసిన కుర్చీలతో ఆమె పేరు వేగంగా పాకింది. 2015లో కసీనా ఆమెను ఆర్ట్ డైరెక్టర్‌గా తీసుకుంది. చండీగఢ్ ప్లాను గీసిన లె కార్బూజియే కుర్చీలను తయారుచేసే సంస్థే కసీనా.

లండన్‌లో ఇలాంటి వరసే ఇంకొకటి ఉంది. 1959లో పుట్టిన జాస్పర్ మారిసన్ 1986లో అక్కడ ఆఫీసు తెరిచాడు. 1988లో బెర్లిన్‌లో ఒక గదిని ప్లైవుడ్ సామానుతో నింపి ప్రదర్శన పెడితే, అందులోని కుర్చీని స్విట్జర్లాండ్ కంపెనీ వీత్రా తయారీకి తీసుకుంది. ఏ ఆర్భాటమూ లేని కుర్చీ అది. మారిసన్ దగ్గర కొంతకాలం పనిచేసిన జర్మన్ యువకుడు కాన్‌స్తాంతిన్ గ్రిచిచ్. అతను ముందు ఇంగ్లండ్‌లో వడ్రంగం నేర్చుకుని, తర్వాతే రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1991లో మ్యూనిక్‌లో సొంత ఆఫీసు పెట్టాడు. తర్వాత అతని దగ్గర చేసినవాళ్లలో స్తెఫాన్ దియెత్స్ వేరుపడి అదే ఊళ్లో స్టూడియో తెరిచాడు. అతనిది వడ్రంగుల కుటుంబం.

గ్రిచిచ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ‘చెయిర్ వన్’. ఇటలీ కంపెనీ మాజిస్ యజమాని యూజెనియో పెరాత్సా అల్యూమినియం పోతతో కుర్చీ చేసి చూడమన్నాడు. ఈ పద్ధతిలో కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. ఆ అచ్చే ఖరీదైన వస్తువు. ఒకసారి తొలిచాక, గీత తప్పిందని దాన్ని సరిదిద్దుకోవడం తేలిక కాదు. అందుకే మొదట అట్టముక్కలతో నమూనాలు, తర్వాత కంప్యూటర్లో లెక్కలు, మళ్లీ నమూనాలు. 2004లో కుర్చీ బయటికొచ్చే లోపల ఏళ్లు గడిచాయి. ఫుట్‌బాల్‌ను చదునైన ముక్కలు కలిపి కుట్టినట్టు, ఇందులోనూ చదునైన తలాలు ఒకదానికొకటి కోణంలో అతుక్కుని ఒంటికి సరిపడే ఒంపు తెస్తాయి. కాకపోతే ఇక్కడ ముక్కల అంచులే ఉంటాయి, నడుమ అంతా ఖాళీ. ఆరుబయట వేస్తే వాననీళ్లు నిలవవు. మెత్తదనం కోరి కూర్చునేవాళ్లకు మాత్రం ఇది నచ్చదు. నచ్చాలని చేసినట్టూ కనబడదు. 2008లో అతను చేసిన ‘మీతో’ కుర్చీ ఇంకో దారి. వెనక కాళ్లు లేకుండా, ఒంటి ముక్కగా ప్లాస్టిక్‌తో పోసిన కుర్చీ. బరువు పడితే కాస్త ఊగుతుంది. అందుకు తగిన ప్లాస్టిక్ జర్మనీ రసాయనాల కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌ది. పదార్థం ఎంపిక నుంచే డిజైనర్, కంపెనీ కలిసి కూర్చుంటే పని ఎంత వేగంగా సాగుతుందో ఇందులో కనిపిస్తుంది.

కట్టడాల వాళ్లకు ఎదురుచూపు ఇంకా ఎక్కువ. బాగ్దాద్‌లో పుట్టిన జహా హదీద్ లండన్‌లో రెమ్ కోల్హాస్ దగ్గర చదివి, ఆయన సంస్థలోనే పనిచేసి, 1980లో విడిగా ఆఫీసు పెట్టింది. 1983లో హాంగ్‌కాంగ్ పోటీలో గెలిచింది, ఆ భవనం లేవలేదు. చెప్పుకోదగ్గ మొదటి కట్టడం 1993లో పూర్తయిన ఫైర్ స్టేషన్. మారిసన్ కుర్చీని తీసుకున్న వీత్రా కంపెనీదే అదీ. 1981లో అగ్నిప్రమాదంలో ఫ్యాక్టరీ చాలాభాగం కాలిపోయాక తమ ఆవరణలో కట్టించుకున్నారు. పదమూడేళ్లపాటు గీతలనే నమ్ముకున్న ఆమెను, మారిసన్ ప్లైవుడ్ కుర్చీని ఒకే కంపెనీ పట్టుకుంది. ఈ రంగం చరిత్ర రాస్తే కంపెనీ యజమానులకు ఇప్పుడిచ్చే చోటు చాలదు.

గురువు లేకుండా వచ్చినవాళ్లు లేకపోలేదు. మార్క్ న్యూసన్ సిడ్నీలో నగల తయారీ, శిల్పం చదువుకున్నాడు. 1986లో ఫైబర్‌గ్లాసు మీద అల్యూమినియం రేకులు పరిచి, రివెట్లు కొట్టి, విమానం తొడుగులాంటి పడక కుర్చీ సొంత చేతులతో చేశాడు. లాక్‌హీడ్ లాంజ్ అని పేరు. 2015లో లండన్ వేలంలో అలాంటిదొకటి 24 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ సొమ్ము అమ్మినవారిది. చేసినవాడికి దక్కింది పేరు, ఆ పేరుతో వచ్చిన గడియారాలూ విమానాల లోపలి డిజైన్లూ.

మామూలు డిజైనర్ రాబడి రాయల్టీ. సాధారణంగా టోకు ధర మీద 3 నుంచి 5 శాతం. టోకున పదివేలు పలికే కుర్చీకి 4 శాతం లెక్కన నాలుగొందలు. ఏడాదికి వెయ్యి అమ్ముడైతే నాలుగు లక్షలు. యూరప్‌లో స్టూడియో అద్దె కట్టి నలుగురికి జీతాలివ్వడానికి అది ఏ మూలకు? అందుకే ఒక్కో స్టూడియో డజన్లకొద్దీ వస్తువులు మార్కెట్లో ఉంచుకుంటుంది. షోరూములూ ప్రదర్శనశాలలూ తీర్చిదిద్దే పనులూ చేస్తుంది.

భారతదేశం నుంచి ఈ రంగంలోకి దారి వేసింది అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. అమెరికన్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1958లో ప్రభుత్వానికిచ్చిన నివేదిక దానికి పునాది. ఆ నివేదికలో వారు అన్నిటికన్నా మెచ్చుకున్న వస్తువు మన నీళ్ల చెంబు. సంస్థ 1961లో మొదలైంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కూ అదే పేరుతో ఒక సంస్థ వచ్చింది. అహ్మదాబాద్‌లో చదివి, లండన్‌లో రాయల్ కాలేజ్‌లో చేరిన నిపా దోషి, భర్త జొనాథన్ లెవియన్‌తో కలిసి మొరోజోకు ‘చార్‌పాయ్’ చేసింది. దాని పరుపు మీద కుట్టుపనికి మన దేశపు చేతులే కావాల్సి వచ్చాయి.

మహారాష్ట్రకు చెందిన సత్యేంద్ర పఖాలే బొంబాయి ఐఐటీలో, ఆపైన స్విట్జర్లాండ్‌లో చదివి, నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ కంపెనీలో పనిచేసి, 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టూడియో పెట్టాడు. గుర్రం ఆకారం తలపించే అతని కంచు కుర్చీని మైనపు పోత పద్ధతిలో చేశారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోసేదీ ఇలాగే. మట్టిముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. కరిగిపోయిన మైనం ఖాళీ చేసిన చోటులోకి లోహం పోస్తారు. మాజిస్ వాళ్ల ఉక్కు అచ్చులోంచి ఒకే రకం కుర్చీలు వేలల్లో వస్తాయి. ఇక్కడ లోహం చల్లారాక మట్టిని పగలగొట్టి కుర్చీని బయటికి తీస్తారు, తర్వాతి కుర్చీకి మళ్లీ మట్టి తొక్కడం దగ్గర్నుంచి మొదలుపెడతారు.