‘మా భూమి’ చిత్రమున రామయ్య తిరుగుబాటు

కృష్ణచందరు ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారముగ గౌతం ఘోష్ దర్శకత్వమున బి. నరసింగరావు, జి. రవీంద్రనాథులు నిర్మించిన ‘మా భూమి’ 1980 లో విడుదలైనది. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమునకు ఇది దృశ్యరూపమగు చరిత్ర యని చెప్పుట పరిపాటి. ఆ మాట సత్యమే. కాని చరిత్రగ మాత్రమే చూచినచో కథయందలి ప్రధానప్రశ్న మఱుగున పడును. ఒక్క మనుష్యుడు అధికారమును ధిక్కరించుట యెప్పుడు తిరుగుబాటగును? అలిగి పోవుటకును ఎదిరించి నిలుచుటకును గల భేదమేమి?

నవలయందు రాఘవరావను యువకుడు ఉరిశిక్షకు ముందటి రాత్రి చెరసాలలో తన జీవితమును స్మరించుకొనును. ఒక వైపు రాజ్యము, ఒక వైపు ఒంటరి మనుష్యుడు. నడుమ తెల్లవారవలసిన రాత్రి. చిత్రకర్తలు ఈ చట్రమును విడిచిరి. నాయకుని పేరు రామయ్య యైనది; కథ పల్లెలో మొదలై కాలక్రమమున నడచినది. ఇట్టి మార్పు అమెరికా చిత్రమొకదానియందును కలదు. కెన్ కెసీ నవలలో కథకుడగు బ్రామ్‌డెన్ స్థానమును మిలోష్ ఫోర్మన్ 1975 నాటి ‘వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్’ చిత్రమున తొలగించెను. అది నవలాకారునకు రుచింపలేదు. అచ్చట అధికారమునకు గోడలు కలవు, తాళములు కలవు, నర్సు రాచెడ్ అను ముఖము కలదు. మక్‌మర్ఫీ ఎవరిని ధిక్కరింపవలెనో యెఱుగును. తెలంగాణ పల్లెలో అధికారమునకు అట్టి ఆవరణము లేదు. వెట్టి, అప్పు, దొర గడీ, పటేలు పట్వారీల లెక్కలు, ఇవి యన్నియు కలిసి ఊరే చెరసాల యైనప్పుడు చెరసాల గదిలోని స్మృతి కథకు చాలదు. చట్రమును విడుచుటవలన ఇచ్చట లాభమే కలిగినది.

రామయ్య తొలి ధిక్కారము నిజమునకు తిరుగుబాటు కాదు. అతడు వలచిన లంబాడీ కన్య చంద్రి దొరతనమునకు లొంగవలసి వచ్చును. రామయ్య ఆమెను విడిచి, ఊరును విడిచి పోవును. అభిమానధనుడగు నాయకుని చర్యగ దీనిని మెచ్చుకొనువారు కలరు. కాని ఆ కోపము తాకినది గడీని కాదు, గడీచేత నలిగిన స్త్రీని. వెడలిపోవుటకు రామయ్యకు దారి కలదు, చంద్రికి లేదు. చిత్రము రామయ్య వెంట పోవుచున్నది. ఈ కొఱత గుర్తింపదగినది. హైదరాబాదు సమీపమున చిత్రింపబడిన శ్యామ్ బెనెగళ్ ‘అంకుర్’ (1974) ఇట్టి స్త్రీని, లక్ష్మిని, కథామధ్యమున నిలిపినది. తుదకు దొర కిటికీపై రాయి విసరిన పసివాని కోపము ఆమె కోపమునుండి పుట్టినదే. ‘మా భూమి’కి ఆ ఓర్పు లేదు.

రామయ్య సూర్యాపేట మీదుగ హైదరాబాదు చేరును. కథ పల్లెను వీడుటచే ఈ భాగము సడలినదని ఆక్షేపింపవచ్చును. కాని చిత్రమునకు మూలబంధము ఇదియే. తెలంగాణ పల్లెవానికి ‘పట్నము’ అనగా హైదరాబాదే. మూసీకి దక్షిణమున 1591 నాటి చార్మినారు, అసఫ్‌జాహీల దర్బారులకు నిలయమైన చౌమహల్లా, జాగీర్దారుల దేవిడీలు గల పాతనగరము పల్లెల శిస్తుతో పెరిగిన నగరము. గడీలోని దొర బలము దొర సొంతము కాదు. దాని మొదలు ఇచ్చట నున్నది. పల్లెలో దొర ఒక మనుష్యుడుగ కనబడును. పట్నమున అతడొక వ్యవస్థకు కొస యని తెలియును. కార్మికోద్యమమునకు చెందిన మక్బూలు సాంగత్యమున రామయ్య అక్షరములు నేర్చును. మక్బూలు పాత్రలో మఖ్దూం మొహియుద్దీను ఛాయ స్ఫురింపకపోదు. ఆ కవి మూసీ దక్షిణపు గట్టుననే సిటీ కళాశాలలో అధ్యాపకుడుగ నుండి, ఉద్యోగము విడిచి కార్మికులలో చేరినవాడు. ప్రభువుల నగరమే ప్రభుత్వమును ప్రశ్నించుటను నేర్పినది. ఊరిని విడిచిన కోపిష్ఠి ఊరికి మరలుటకు కావలసిన జ్ఞానము ఈ పట్నపు వాసముననే లభించినది.

భాషావిషయమున ఒక మాట. తెలుగు రైతు మనస్సును కృష్ణచందరు ఉర్దూలో పలికింపవలసి వచ్చినది. వంగదేశీయుడగు దర్శకుడు ఆ రైతునకు అతని తెలంగాణ పలుకుబడిని మరల నిచ్చెను. పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాటను తెరపై గద్దరు పాడును. దానిని విను ప్రేక్షకునకు కట్టినవాని పేరు తెలియనక్కఱలేదు, పాట ఊరిదైనది. రామయ్య కోపమునకును జరిగినది ఇదియే.

1948 సెప్టెంబరు పోలీసుచర్యతో నిజాము పాలన ముగిసినది. పారిపోయిన దొర గాంధీటోపీతో తిరిగి వచ్చుట చిత్రములోని నిశితమైన వ్యంగ్యము. టోపీ మారినది, గడీ నిలిచినది. రామయ్య సైన్యముతో పోరాడి మరణించును; పోరు ఆగినట్లు చిత్రము చెప్పదు. కాని ఈ తుదిభాగము త్వరపడినది. పోలీసుచర్య పిమ్మట ఆయుధములు పట్టియుండవలెనా యను విషయమున రావి నారాయణరెడ్డి ప్రభృతులు భిన్నాభిప్రాయులైరి. 1951 లో పోరాటమే విరమింపబడినది. పట్నమున చదువ నేర్చిన రామయ్య ఆ వివాదమున ఏ పక్షము వహించియుండునో చిత్రము చెప్పదు. ఆ ప్రశ్న తనను చేరకమునుపే అతడు నేలకొరిగెను.